కాలు పంపిన కబురు

బావమరిది పార్సిల్ ఆఫీసులో మూటలు కట్టేవాడు. తను వేసిన ముడి విప్పలేక, కొడుకు పెళ్లికి వచ్చిన కానుకని ఒకాయన మనవడి పెళ్లికి విప్పాడని గర్వంగా చెప్పుకునేవాడు.

ఆ రోజు అక్క ఊళ్లో లేదు. బావని తయారుచేసి గడియారాల షాపుకి తీసుకెళ్లే పని అతని మీద పడింది. ఆరేళ్ల కిందట నిచ్చెన మీంచి పడి వెన్ను దెబ్బతిన్న దగ్గర్నుంచి బావకి ఛాతీ కింద స్పర్శ లేదు. అయినా చక్రాల కుర్చీలో కూర్చుని, చీమ కాళ్లకి పట్టీలు తొడిగేంత ఓపికతో గడియారాలు బాగుచేస్తాడు.

పదకొండింటికి బావ చేతిలో పట్టకారు ఆగింది. మొహం ఎర్రబడింది. నుదుటి మీద చెమట ధారకట్టింది.

"తలలో సుత్తితో కొడుతున్నట్టుందిరా. బీపీ మిషన్ తీయి."

నూటతొంభై. బావకి మామూలుగా నూరు దాటదు.

"పడుకో బావా," అంటూ బావమరిది కుర్చీ వెనక్కి వంచబోయాడు.

"వంచావంటే నేరుగా పైకి పంపినట్టే. నిటారుగానే ఉంచు. కింద ఎక్కడో ఏదో నొక్కుకుంటోంది. నాకు తెలీదుగా, అందుకే ఒళ్లు ఇలా గోల పెడుతోంది. వెతుకు. ఆలస్యమైతే మెదడులో నరం చిట్లుద్ది."

గడియారంలో బ్యాటరీ అయిపోయిందన్నంత నింపాదిగా అన్నాడు.

బావమరిది ముందు మూత్రం సంచి గొట్టం చూశాడు. మడత పడలేదు. ధార బాగానే వస్తోంది. బెల్టు వదులు చేశాడు. మిషన్ ఈసారి రెండువందలంది.

"అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నా బావా."

"చెయ్యి. చేస్తూనే వెతుకు. బూట్లు ఎవరు కట్టారు?"

బావమరిది బూట్ల వైపు చూశాడు. పొద్దున తనే కట్టాడు. ఊళ్లు దాటాల్సిన సరుక్కి కట్టినట్టు, మోకాలు ఆనించి లాగి, మూడు ముళ్లు.

"నేనే."

"అయితే కత్తెర తీసుకో."

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, అడ్రసు చెబుతూనే తాళ్లు కోసి బూట్లు లాగేశాడు. ఎడమ కాలి చిటికెనవేలు పక్క వేలి కిందికి మడుచుకుపోయి వంకాయ రంగుకి తిరిగింది. మెల్లగా విడదీశాడు.

రెండు నిమిషాలకి నూటఅరవై. ఇంకో మూడు నిమిషాలకి నూటపది. బావ చెమట ఆరింది.

బావమరిది నేల మీద చతికిలబడి, ఆ కాలిని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆరేళ్లుగా ఉలుకూ పలుకూ లేని కాలు. మెదడుకి పోయే దారి ఎప్పుడో తెగిపోయింది. అయినా చిక్కుడు గింజంత వేలు, ఒంట్లో రక్తాన్నంతా లేపి, తలదాకా తరిమి, ఇంటి యజమానికి కబురందించింది. పార్సిల్ ఆఫీసులో సరైన అడ్రసు ఉన్నవే సగం చేరవు.

"ఇక కాలు దించరా. అంబులెన్సు వాళ్లొస్తే నువ్వు నా శిష్యుడివనుకుంటారు."

"ఉండు బావా. ఇంకేమన్నా చెబుతుందేమో."