ఎంగిలి టీ

పొద్దున్నే గేటు తీయగానే కోల్డ్ స్టోరేజీ చుట్టూ ఒకసారి తిరిగిరావడం ఖాదర్ వలి అలవాటు. పైన సోలార్ పలకల మీద పేరుకున్న మిరప దుమ్ము కడిగించేవాడు. వాననీటి గుంతలో పూడిక చూసేవాడు. గోడకు చెయ్యానించి లోపల చలి సరిపోతోందో లేదో చెప్పేసేవాడు. గుంటూరు ఎండల్లో కూడా పెద్దగా కరెంటు కాల్చకుండా మిర్చి బస్తాలను చల్లగా కాపాడే బిల్డింగు అది. కట్టినవాళ్లు అవార్డు పుచ్చుకుని, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత దాని మంచీచెడూ చూసింది వలీయే.

ఇప్పుడాయన్ని ఇక చాలన్నారు. నిర్వహణ కొత్త ఏజెన్సీ చేతికి పోయింది, వాళ్లకు ముసలివాళ్లు పనికిరారట. ఆయన చోటు అసిస్టెంటు నాగజ్యోతికిస్తారు, హ్యాండోవర్ పూర్తిగా అందుకుంటేనే. లేకపోతే ఆమెనూ ఇంటికి పంపేస్తారు.

అక్కడ హ్యాండోవర్ అంటే ఎంగిలి టీ. వెళ్లేవాళ్లు సగం తాగి ఇస్తారు, మిగతా సగం వచ్చేవాళ్లు తాగుతారు. వాళ్లకు తెలిసిన పనంతా ఇటు వచ్చేస్తుంది, అటు ఏమీ మిగలదు. ఎలక్ట్రీషియన్ బాలు అలాగే ఇచ్చి వెళ్లాడు. ఇప్పుడు ఇంట్లో బల్బు మాడితే పక్కింటివాణ్ణి బతిమాలుకుంటున్నాడు. ఎంగిలికి కులం, మతం అడ్డురాలేదా అంటే, ఉద్యోగం ముందు అవేం నిలుస్తాయి!

"పని సంగతులే తలుచుకో బాబాయ్. ఇంటి సంగతులు మనసులోకి రానీకు," అంది నాగజ్యోతి.

"ఏది పనో ఏది ఇల్లో నాకేం తెలుసే అమ్మాయ్? మా ఇంటిది రసూల్‌బీ ఈ వరండాలోనే కూర్చుని తొడిమలు తీసేది. లోపల తేమ ఎక్కితే వాసన పట్టి నాకు చెప్పేది. నిరుడు అది పోయేదాకా, ఇద్దరం కలిసే నేర్చుకున్నాం ఈ బిల్డింగుని."

"అయితే వద్దులే బాబాయ్."

"వద్దంటే ఎట్టా? లోపల రైతుల ఏడాది కష్టం ఉంది. వానలు ముందరే ఉన్నాయి. తాగేద్దాం, చల్లారిపోద్ది."

సగం తాగి గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు.

మొదటి గుక్కతో ఫ్యాన్ల మోతలు వచ్చాయి, ఏ మోత ఏ జబ్బుకో తెలిసింది. తర్వాత నీటి గొట్టాలు, చల్లగాలిని లోపలికి వదిలే కిటికీల వేళలు. అడుగున ఒక్క గుక్క మిగిలింది. కలపకుండా తెచ్చినట్టున్నారు, చక్కెరంతా అక్కడే ఉంది. గ్లాసు వంచబోతుంటే ఎవరో ఆడమనిషి దగ్గు వినిపించింది. మిరప ఘాటుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నవ్వుతున్న మొహం కనబడింది.

నాగజ్యోతి ఆగింది. ఇక్కడితో చాలనవచ్చు. కానీ వెనక గది గోడ వానకు ఎక్కడ చెమరుస్తుందో ఇంకా అందలేదు, అది ఆ దగ్గుతోనే కలిసి ఉంది. ఇంట్లో పొయ్యి వెలిగేది తన జీతంతోనే. వలి మొహం చూడకుండా ఆ గుక్క తాగేసింది.

గోడ సంగతి తెలిసింది. దాంతోపాటే ఒక కాపురం మొత్తం వచ్చి ఆమె గుండెల మీద కూర్చుంది.

"హమ్మయ్య, తేలిగ్గా ఉంది," అంటూ వలి సామాను సర్దుకోవడానికి గదిలోకి వెళ్లాడు. కాసేపటికి ఒక స్టీలు క్యారియర్ పట్టుకుని బయటికొచ్చాడు. మూత మీద చెక్కిన అక్షరాలను వేలితో తడుముతూ చదివాడు.

"ఇదెవరిదో నా సామాన్లో కలిసిందమ్మాయ్. రసూల్‌బీ అని ఉంది."

నాగజ్యోతికి ఏడుపు ఆగలేదు. పెళ్లయినా కాని పిల్ల, మొగుడూ పెళ్లాల్లో ఒకరు పోతే రెండోవాళ్లు ఏడ్చే ఏడుపు ఏడ్చింది. వలి కంగారుపడి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. వెక్కుతూనే ఆమె చెప్పింది. ఆవిడ ఈ వరండాలోనే కూర్చునేదని, ఘాటుకు దగ్గుతూ కూడా నవ్వేదని, మొగుడు రానిదే ముద్ద ముట్టేది కాదని. ఆయన ఊ కొడుతూ అంతా శ్రద్ధగా విన్నాడు.

"మంచి మనిషేనమ్మా, పాపం," అన్నాడు చివరికి, క్యారియర్ ఆమె ఒళ్లో పెడుతూ. "నీకేమవుద్ది ఆవిడ?"