ఫోన్‌లో ఆమెన్

కరోనా లాక్‌డౌన్‌లో మా చర్చి సంఘం ప్రార్థన ఫోన్‌లోనే జరిగేది. మా అక్క కూతురు కెజియా, తొమ్మిదో తరగతి పిల్ల, మే ఎండల్లోనూ పొడుగు చేతుల చొక్కానే వేసుకునేది. గట్టిగా అడిగితే ఏడ్చింది. చేయి కోసుకుంటా ఉందంట.

అక్కకు చెప్పి, కావలిలో డాక్టరుకు చూపించమన్నాను. అక్క పాస్టరు గారికి ప్రార్థన మనవి పంపింది. ఆయన ఆ ఫోన్ ప్రార్థనలో పిల్ల పేరు చెప్పి, దురాత్మ వదలాలని అరవై ఇళ్లకు వినపడేలా ప్రార్థించినారు. పిల్ల మా పక్కనే కూర్చోనుంది.

జ్వరమొస్తే మాత్ర వేస్తారు, మనసు నలిగితే మాత్రం దయ్యమంటారా? అడిగేద్దామని నోరు తెరిచినాను. అలవాటు కొద్దీ నా నోట్లోంచి కూడా 'ఆమెన్' అనే మాటే వచ్చింది.

కెజియా నన్ను చూసి, చొక్కా చేతుల్ని వేళ్లదాకా లాక్కుంది.