జీపు వెనక కూడా లేవాలి

నా మేనకోడలికి నేను పెట్టిన పేరు మిరపకాయ. మనిషి సన్నం, నోరు ఘాటు. చేపపిల్లల్ని పెంచి చెరువులవాళ్లకు ఇచ్చే పని కొత్తగా మొదలుపెట్టింది. ఆ రోజు పొద్దున మొట్టమొదటి చేపపిల్లలన్నీ ట్రైలర్ మీది తొట్టిలో ఉన్నాయి. అవి బతికి చెరువు చేరితే పని నిలబడుతుంది. చస్తే మాత్రం తొట్లు అమ్మేసి బట్టల కొట్లో కూర్చోవాలని మా అక్క ముందే తేల్చేసింది.

జీపుని వెనక్కి నడిపి ట్రైలర్‌కి తగిలించాలి. వెనక నిలబడి దారి చూపే పని నాకు అప్పజెప్పింది. తెలివైన పిల్ల చేసిన ఒకే ఒక్క తెలివితక్కువ పని అదే.

"రానీ, రానీ... పెళ్లికొడుకు పారిపోతున్నాడు, ఇంకా రానీ..." అని నేను రాగం తీస్తుండగానే ఠంగుమంది. జీపు వెనకుండే ఇనప గుండు మీద ట్రైలర్ కప్లర్ టోపీలా కూర్చోవాలి. ఆ గుండే వెళ్లి టోపీ అంచుని పొడిచి వంకర చేసింది.

"మావయ్యా! ఆపమని చెప్పొచ్చుగా!"

"చెబుదామనుకునేలోపే వచ్చేశావు కోడలా."

"చెప్పడానికి నోరు ఖాళీ ఉంటేగా, పాడుతుంటివి!"

నేను సుత్తి తెచ్చి వంకరని కొట్టి సాపు చేశాను. గుండు మీద కూర్చోబెట్టి గొళ్లెం నొక్కితే టక్కున పడింది.

"చూశావా నా చేతి మహిమ! పద."

మిరపకాయ కదల్లేదు. టార్చి పట్టుకుని కిందికి దూరింది. కప్లర్ అంచున వెంట్రుకంత పగులు కనిపించింది. అంతటితో ఊరుకోకుండా ట్రైలర్ ముందు కడ్డీ కింద జాకీ పెట్టి తిప్పింది.

"ఇది గుండుని గట్టిగా పట్టుకుని ఉంటే జీపు వెనక కూడా లేవాలి. చూస్తూ ఉండు."

జీపు లేవలేదు. కప్లర్ మాత్రం, వేసిన గొళ్లెం వేసినట్టే ఉండగా, గుండు మీంచి హాయిగా ఊడొచ్చింది.

"గొలుసులున్నాయి కదే," అన్నాను.

"అవి ఊడినప్పుడు పట్టుకోవడానికి మావయ్యా, లాక్కెళ్లడానికి కాదు. తొట్టిలో నీళ్లు అటూ ఇటూ కొడుతుంటాయి. బడి దగ్గర పల్లంలో ఊడితే?"

బడి అనేసరికి సుత్తి పక్కన పడేశాను.

కొత్త కప్లర్ కోసం వెల్డర్‌కి ఫోన్ చేశాను. "మళ్లీ మొదలెట్టావా! పోయినసారి బావిలో స్కూటర్ పడిందంటే క్రేన్ వేసుకొచ్చాను. బావిలో కప్ప కూడా లేదు!" అని పెట్టేశాడు. మిరపకాయ చేసినా, "నీతో కూడా ఆడిస్తున్నాడా అమ్మా?" అన్నాడు.

ఇంకొకరైతే నన్ను తొట్టిలో ముంచేవారు. ఈ పిల్ల మాత్రం పని చూసుకుంది. ట్రైలర్ చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టింది.

"నేనే వెళ్లి తెస్తా. తొట్టిలోకి గాలి కొట్టే మోటారు ఆగేలా ఉంది. ఆగితే బకెట్‌తో నీళ్లు తోడి ఎత్తునుంచి పొయ్యి. నీళ్లలో గాలి కలవాలి. ఆపావంటే చస్తాయి."

జీపు మలుపు తిరిగిందో లేదో, మోటారు ఆగింది. తోడాను, పోశాను. తోడాను, పోశాను. నడుము నాది కాకుండా పోయింది. ఆ బాధలోనూ ఒక చిలిపి ఆలోచన. 'అన్నీ తేలిపోయాయే!' అని ఏడిస్తే ఎలా ఉంటుంది? ఒక చేత్తో ఫోన్ నొక్కాను.

"ఏమైంది మావయ్యా? చచ్చిపోయాయా?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఛ, నిక్షేపంలా ఈదుతున్నాయి. చచ్చేది నేనే. తొందరగా రా."

వెల్డర్‌ని కూడా ఎక్కించుకుని వచ్చింది. పగులు చూసి, "అతుకు వేస్తే చిటికెలో పని," అన్నాడతను.

"వద్దన్నా. ఒకసారి పగిలినదాన్ని నమ్మి రోడ్డెక్కను."

కొత్త కప్లర్ మీది కొలతా గుండు మీది కొలతా ఒకటేనా అని చదివి చూసుకుంది. గుండుకి దెబ్బ తగిలిందేమోనని వేలితో తడిమింది. బోల్టులు కూడా కొత్తవే వేయించింది. మళ్లీ జాకీ పెట్టి తిప్పితే ఈసారి ట్రైలర్‌తో పాటు జీపు వెనక భాగమూ లేచింది. జాకీ దించి, గొళ్లేనికి పిన్ను వేసి, గొలుసులు రెండూ కత్తెరలా అడ్డంగా వేసి తగిలించింది.

"బ్రేకు లైటు వెలిగిందా మావయ్యా?"

"వెలిగింది."

"అన్నా, వెలిగిందా?" అని వెల్డర్‌ని కూడా అడిగింది. ఏం చేస్తాం, నా పరపతి అలాంటిది!

దారంతా మెల్లగా నడిపింది. నత్త వెనకాల నిలబడి హారన్ కొట్టేలా ఉందన్నాను. కొంచెం దూరం పోగానే ఆపి, దిగి బోల్టులన్నీ బిగించి చూసుకుని మరీ బయల్దేరింది. బడి పల్లంలో పిల్లలు రోడ్డు దాటుతుంటే ఆగింది. వెనక ట్రైలర్ బుద్ధిమంతురాలిలా ఆగింది.

చెరువు గట్టున ఆసామి తొట్టిలోకి తొంగిచూశాడు. గుప్పెడు చేపపిల్లలు చచ్చి తేలాయి. మిగతావన్నీ చలాకీగా ఈదుతున్నాయి. మిరపకాయ చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా తొట్టిలో కలిపి, వాటికి అలవాటయ్యాక వదిలింది. అవి కాసేపు గట్టు పక్కనే ముద్దగా ఉండి, తర్వాత ఒక్కసారిగా లోపలికి జారిపోయాయి.

"మళ్లీ కావాలమ్మా. ఎప్పుడిస్తావ్?" అన్నాడు ఆసామి.

రోజు చెప్పి, అతను వెళ్లాక గట్టు మీద కూలబడింది. అప్పుడు చూశాను, ఆ చేతుల నిండా గ్రీజు. ఒక్క బోల్టుని కూడా ఊరికే నమ్మి వదలని చేతులవి. దండం పెట్టాలనిపించింది. పెడితే నేను నేనెలా అవుతాను?

"బట్టల కొట్లో నీకోసం కుర్చీ కూడా తుడిచి ఉంచారట. పాపం, ఇప్పుడెలా?" అన్నాను.

గుప్పెడు బురద తీసి నా మొహాన కొట్టింది. గురి కూడా తప్పలేదు.