ఎర్రగుడ్డ మూట

ఆగమ్మ బియ్యం ఏరుతోంది గానీ చెవులు మాత్రం ఏడో తరగతి గదిలోనే ఉన్నాయి. మెదక్‌లోని ఆ సర్కారు బడిలో ఆమె మధ్యాహ్న భోజనం వండుతుంది. కూతురు సుమన అక్కడే పార్ట్‌టైం డ్రాయింగు టీచరు. వంటగదికి ఎదురు కిటికీలోంచి చూస్తే గోడకున్న పెద్ద టీవీ కనబడుతుంది. సుమన అందులో ఇంటర్నెట్టు పెట్టి ప్రతి గురువారం ఒక దేశపు బొమ్మలు చూపిస్తుంది. ఆ టీవీ పేలుతుందేమో, చూడకూడనిదేదో వస్తుందేమో, ఉన్న నౌకరీ కాస్తా ఊడుతుందేమో అని గురువారం వస్తే చాలు, ఆగమ్మకు దడ. ఆ దడలో ఒకే గింజను రెండుసార్లు చూస్తుంది. ఏరిన రాళ్లు మళ్లీ బియ్యంలో కలుస్తాయేమోనని కొంగున ముడేసుకుంటుంది. పదకొండేళ్లలో ఏ పిల్ల పంటి కిందా రాయి పడలేదు.

పోయిన వారం ఆమె చేట పక్కన పెట్టి మరీ చూసింది. ఎక్కడో ఆఫ్రికాలో ఒక ముసలామె పాతగుడ్డ పీలికల్లో చిన్నచిన్న మూటలు కట్టి గోడంతా వేలాడదీస్తోంది. ఒక్కో మూటలో ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటి ఉందట. విప్పకూడదట.

"గిది గూడ బొమ్మనేనా బిడ్డా?"

"ఇప్పటి బొమ్మలు గిట్లనే ఉంటయమ్మా," అని సుమన నవ్వింది.

మర్నాడు ఆగమ్మ తన పాత ఎర్రచీర చింపి ఇచ్చింది. పిల్లలు చిట్టీలు రాసి, మూటలు కట్టి కిటికీ ఊచలకు వేలాడదీశారు. స్నిగ్ధ ఒక్కతే తన మూటను పుస్తకాల సంచిలో దాచుకుంది.

ఈరోజు పప్పులో పోపు పడేవేళకు, స్నిగ్ధ తండ్రి వెంకట్రాములు ఆ మూట పట్టుకుని గదిలోకి దూసుకొచ్చాడు.

"ఏంది టీచరమ్మా గిది? బళ్లె సదువు జెప్తుండ్రా, బానామతి నేర్పుతుండ్రా? విప్పుత ఆగుండ్రి, లోపలేమున్నదో అందరం సూద్దం."

స్నిగ్ధ మాత్రం తన తండ్రి ముఖం చూడటం లేదు, ముడి మీదున్న అతని వేళ్లనే చూస్తోంది. ఆ చూపు ఆగమ్మకు అర్థమైంది. గరిటెతోనే గదిలోకి వచ్చింది.

"గది నాది తమ్మీ. ముడుపు. మా సుమన నౌకరి పర్మినెంటు గావాల్నని ఏడుపాయల అమ్మకు మొక్కుకున్న. పొల్ల సంచిల ఎట్ల వడ్డదో! విప్పుతవా? విప్పు మరి, మొక్కు నీకే సుట్టుకుంటది."

నిప్పు తగిలినట్టు వెంకట్రాములు మూటను బల్ల మీద వదిలేశాడు. పోతూపోతూ గుమ్మంలో, గొడవ విని వచ్చిన హెడ్మాస్టరుతో గట్టిగా అన్నాడు: "బళ్లె ముడుపులు గట్టేటామె చేతి బువ్వ మా పొల్ల తినది సారూ."

భోజనాలయ్యాక హెడ్మాస్టరు పొయ్యి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. జేబురుమాలు తీసి అద్దాలు తుడిచాడు. ఆగమ్మే అంది.

"రేపటి సంది నేను రాను సారూ. మా బిడ్డనేం అనకుండ్రి. బియ్యం మాత్రం సూసి కడుగుమనుండ్రి, రాళ్లుంటయి."

సాయంత్రం సుమన గది తాళం వేయబోతూ ఆగింది. స్నిగ్ధ మూట ఊచకెక్కింది. దాని పక్కన, పొద్దున లేనిది, అదే ఎర్రచీర ముక్కలో ఇంకొకటి. గాలికి చిట్టీల మూటలన్నీ ఊగుతుంటే, రాళ్ల మూట ఒక్కటే బరువుగా, కదలకుండా వేలాడుతోంది.