కంటికి కనపడని పొర

ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి ఫోను అందుకున్నాను. తెర నిండా తెల్లటి మరకలు. నున్నగా జారాల్సిన వేలు గరుగ్గా ఆగింది. ఒళ్లు మండిపోయింది.

“అత్తయ్యా, దీన్ని దేంతో తుడిచారు?”

“బాత్రూం కడిగే బ్లీచింగు నీళ్లతో. నాలుగు రోజుల్నుంచీ తుడుస్తున్నా. ఎన్ని రోగాల మధ్య తిరిగొస్తుందో ఏమో!”

“ఎన్నిసార్లు చెప్పాలి? ఫోను ఆపి, కవరు తీసి, మెత్తటి గుడ్డను స్పిరిట్‌తో కాస్త తడిపి తుడవాలి. బ్లీచింగు తగిలితే పైపొర పోతుంది.”

“అద్దానికి పొరేంటమ్మా, చోద్యం కాకపోతే!”

“ఉంటుంది. కంటికి కనపడదు. పోయిందంటే మళ్లీ రాదు.”

నా గొంతుకి బెదిరి, ఐదేళ్ల కూతురు తలుపు వెనక నక్కింది. రమ్మని చేతులు చాచాను. రాలేదు. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. నేనే వెళ్లి ముందుకు లాగి చూశాను. అరచేతులు ఎర్రగా కమిలి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది.

“నువ్వు ఎత్తుకున్నాక నాయనమ్మ నా చేతులు కూడా ఆ నీళ్లతోనే తుడుస్తుంది,” అంది. “ఇవాళ ఎత్తుకోకమ్మా.”