నీటిరోకలి దగ్గర కాపు

కొరియాలో కాంగ్‌వన్ కొండల్లోని ఆ ఊరికంతా కలిపి వాగు పక్కన ఒకటే నీటిరోకలి. పొడవాటి దుంగకు ఒక కొసన తొలిచిన దొప్ప, రెండో కొసన రోకలి. దొప్ప నిండి కిందికి దిగితే రోకలి లేస్తుంది, నీళ్ళు ఒలికిపోతే రోట్లో పడుతుంది. వంతు వచ్చినవాళ్ళు మొక్కజొన్నలు పోసి పొలానికి పోవడమే. కాపలా అన్న మాటే లేదు.

కొత్తకోడలు ఒక్తాన్ దంపు మాత్రం ప్రతిసారీ తరిగేది. పుట్టింటికి చేరవేస్తున్నావా అని అత్త ఒకసారి అడిగింది. ఇంకోసారి తరిగితే గింజల వెంట నువ్వూ వెళ్ళు అని తేల్చేసింది. ఏ పాపమూ ఎరగని ఒక్తాన్‌కు కడుపు మండిపోయింది. దొంగను పట్టి అత్త ముందు నిలబెట్టాలి.

అనుమానం ఊళ్ళో వరసకు వదిన అయ్యే బామ్‌గోల్ ఆవిడ మీదికి పోయింది. మొగుడు పోయి, పిల్లలతో ఏ పూటకాపూట వెతుక్కునే మనిషి. తన వంతు కాకపోయినా రోలు చుట్టే తిరుగుతుంది. కనిపిస్తే చాలు, నీ దంపు ఎంతవరకొచ్చింది మరదలా అంటుంది. దొంగకు కాక ఆ ఆరాలు ఎవరికి కావాలి?

ఈసారి ఒక్తాన్ పొలానికి వెళ్ళినట్టే వెళ్ళి జొన్నచేలో నక్కింది. మిట్టమధ్యాహ్నం వదిన రానే వచ్చింది. అటూ ఇటూ చూసి, రోకలి లేవగానే రోట్లో చెయ్యి పెట్టింది.

"దొరికావే దొంగదానా!"

వదిన ఉలిక్కిపడి తలెత్తింది. చెయ్యి తీయడం మరిచిపోయింది. రోకలి పడింది.

ఒక్తాన్ పరుగున వచ్చి దుంగ ఎత్తి ఆ చేతిని బయటికి లాగింది. వేళ్ళు నలిగిపోయాయి. పిడికిట్లో ఒక్క గింజ లేదు.

"అడుగుది పిండైపోతోంది పిల్లా," అంది వదిన పళ్ళ బిగువున. "మధ్యలో వచ్చి తిరగేయకపోతే ఆ పిండంతా చాటలో పొట్టుతో పాటే ఎగిరిపోదూ? ఎంతవరకొచ్చిందని అడుగుతూనే ఉన్నా, నీకు తట్టలేదు. మొహం మీద చెబితే చిన్నబుచ్చుకుంటావని..."

ఒక్తాన్ పుట్టింట్లో కాలితో తొక్కే రోకలి. ఒకరు తొక్కితే ఒకరు రోట్లో గింజలు తిరగేస్తూ ఎగదోసేవారు. తొక్కే పని నీళ్ళు చేస్తుంటే ఎగదోసేదీ అవేననుకుంది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకు చెప్పే పని లేదు, పరాయి ఊరి పిల్లకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కేక విని అత్త వచ్చేసింది. నెత్తుటి చెయ్యి చూసి అక్కడే తీర్పు చెప్పేసింది.

"దొంగ దొరికిందన్నమాట. నిన్ను ఊరికే అనుమానించానే అమ్మా."

ఆ మాట కోసమే ఒక్తాన్ పొంచి కూచుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, కాపురం నిలుస్తుంది. వదిన వేళ్ళకు గుడ్డ చుట్టుకుంటోంది.

"దొంగ లేదత్తా. నేను తిరగేయక తరుగుతోంది. ఇవాళ నాకోసం ఆవిడ తిరగేస్తోంది."

అత్త ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మొహంలోకి వచ్చిన మెత్తదనం వచ్చిన దారినే పోయింది.

"ఓహో," అంది. "ఇద్దరూ కలిసే గింజలు మోసుకుపోతున్నారన్నమాట."