తలుపు బిగిసిన ఉదయం

వంటగదికీ నట్టింటికీ మధ్య ఉన్న జారుడు తలుపు ఆ ఉదయం సగం దాకా వచ్చి ఆగిపోయింది. మిత్సుయో చేతిలో మిసో చారు గిన్నెల పళ్ళెం ఉంది. మోచేత్తో తోస్తే కదల్లేదు. పళ్ళెం కింద పెట్టి రెండు చేతులా తోసినా కదల్లేదు. చివరికి పక్కకి తిరిగి, ఆ సందులోంచే ఒదిగి వచ్చి, అత్తమామల ముందు గిన్నెలు పెట్టింది. వాళ్ళిద్దరూ నిప్పుల గుంట మీద వేసిన పొట్టి బల్లకి చెరోవైపు, బొంత కింద కాళ్ళు దూర్చుకుని కూర్చున్నారు.

"చారు చల్లారిపోయింది," అంది అత్తగారు కికు.

"తలుపు బిగుసుకుపోయిందత్తయ్యా."

"రోజూ తీసే తలుపే కదే. నీ లాగుడు అలాంటిది. మీ పుట్టింట్లో తలుపులే లేవు కాబోలు."

పదహారేళ్ళ కాపురంలో మిత్సుయో పుట్టింట్లో లేవని అత్తగారు తేల్చిన వస్తువుల్లో తలుపు కొత్తగా చేరింది, అంతే. అయితే ఆ తలుపు సంగతి ఆ ఇంట్లో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రోజుకి ఓ నలభైసార్లు తీస్తుంది. టీకి, అన్నానికి, మామగారి పొగాకుకి, అత్తగారి మందుకి. మిగతా ఇద్దరూ దాన్ని తాకరు, పిలుస్తారు. వానాకాలంలో చెక్క ఉబ్బితే అది కిందిభాగంలో పట్టేస్తుంది. ఇవాళ పైన పట్టేసింది. పైన పట్టిందంటే దూలం కిందికి దిగుతోందని అర్థం. దూలం దిగుతోందంటే కప్పు మీద మంచు మోయలేనంత అయిందన్నమాట. జనవరిలో ఇలా జరిగితే ఆ కొండల్లో ఎవరూ తలుపుని తిట్టుకోరు, పార తీసుకుని కప్పెక్కుతారు. కానీ అది నవంబరు పద్నాలుగు. నవంబరులో తలుపు బిగిస్తే తప్పు కోడలిది.

మంచు మొదలై అది మూడో రోజు. ముల్లంగి ఇంకా చేలోనే ఉంది. పండిన పెర్సిమన్ పళ్ళు సగం చెట్టు మీదే ఉన్నాయి. ఏటా చలికాలం ముందు కిటికీలకి అడ్డంగా కట్టే పలకలు కొట్టంలోనే ఉన్నాయి. అన్నీ అలా ఉండిపోవడానికి కారణం ఒక పురుగు. ముందుకాళ్ళు జోడించి దణ్ణం పెడుతున్నట్టుండే గొల్లభామ ఆకురాలు కాలంలో కొమ్మకి గుడ్లగూడు కడుతుంది. ఆ గూడు ఎంత ఎత్తున ఉంటే ఆ ఏడు మంచు అంత ఎత్తు పడుతుందని ఆ ఊరి పెద్దలు లెక్కగడతారు. మామగారు తొకుజి అందులో ఆరితేరినవాడు. ఈ ఏడు మల్బరీ తోటలో గూడు మోకాలెత్తున దొరికింది. ఆయన కర్ర ఊతంతో వెళ్ళి దాన్ని చూసొచ్చి, "ఈ ఏడు మంచు తక్కువే, డిసెంబరు సగం దాకా భయం లేదు," అన్నాడు. కొడుకు ఇసాము ఆ మాట పట్టుకుని, పలకలు కట్టకుండానే, ఊళ్ళో మగవాళ్ళందరితో కలిసి టోక్యోలో సొరంగం తవ్వే పనికి రైలెక్కాడు. కోతలయ్యాక వెళ్ళి నాట్లకి తిరిగి రావడం వాళ్ళకి మామూలే.

పెర్సిమన్ చెట్టు మీద ఇంకో గూడు ఉంది. మిత్సుయో నిచ్చెన వేసి పళ్ళు కోస్తుండగా దాన్ని చూసింది. ఆమె తలకంటే మూరెడు పైనే ఉంది. ఆమె గూళ్ళని నమ్మనూ లేదు, కొట్టిపారెయ్యనూ లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమనేవారో కూడా ఆమెకి తెలుసు, అందుకే పళ్ళు కోసుకుని దిగిపోయింది.

"మామయ్యా, దూలం దిగుతోంది. కప్పు మీద మంచు తియ్యాలి," అంది ఇప్పుడు.

తొకుజి చారు జుర్రుకుంటూ, "ఇది వేరు మంచు కాదమ్మాయ్," అన్నాడు. పడి, కరగకుండా వసంతం దాకా చెట్టు వేరులా నేలని పట్టుకుని ఉండేదాన్ని వాళ్ళు వేరు మంచు అంటారు. "తడి మంచు. రేపు ఎండొస్తే నీళ్ళైపోతుంది."

"తడిదైతే ఇంకా బరువు కదా మామయ్యా."

"డెబ్బయ్యేళ్ళుగా చూస్తున్నాను నేను."

ఆయన రెండేళ్ళ కిందట అదే కప్పు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నించీ ఆయన చూడటం కూర్చునే జరుగుతోంది. అయిదింటికే లేచి గుమ్మం నుంచి రోడ్డు దాకా దారి తవ్వింది మిత్సుయో. తవ్విన దారి ఎనిమిదింటికల్లా మళ్ళీ పూడిపోయింది. ఆమెకి కోపం రాలేదు, కోపానికి కూడా కాస్త తీరిక కావాలి. అంట్లు తోముతుండగా నెత్తిన ఎక్కడో దూలం ఒకసారి కిర్రుమంది. ఆగి, మళ్ళీ కిర్రుమంది. ఆమె చేతులు తుడుచుకుని, మొగుడి పాత కోటు తొడుక్కుని, కొట్టంలోంచి నిచ్చెన లాక్కొచ్చింది.

"ఏమిటే ఇది? ఇంట్లో పెద్దవాళ్ళం కింద కూర్చునుంటే మా నెత్తిమీద కోడలు తిరుగుతుందా?" గుమ్మంలోంచి అంది కికు. "ఊళ్ళో ఏమనుకుంటారు?"

"మీరిద్దరూ కాసేపు కొట్టంలో కూర్చోండత్తయ్యా. కప్పు కూలితే ఊళ్ళోవాళ్ళు అనుకునేది ఇంకా ఎక్కువుంటుంది."

కికు నోరు నొక్కుకుంది. కొట్టంలోకి మాత్రం వెళ్ళలేదు, లోపలికెళ్ళి బొంత కప్పుకుంది.

నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస పెర్సిమన్ చెట్టుకి బిగించి, ఎక్కింది. నిజానికి ఆమెకి భయం వేసింది. పైన మంచు నడుం లోతు ఉంది, పారకి తడిసిన బియ్యం బస్తాలా తగిలింది. ఇటుకల్లా కోసి ఒక్కొక్కటే కిందికి తోసింది. పదో ఇటుకకి ఒళ్ళు వేడెక్కింది. ఇరవైకో ముప్పైకో భయం పోయింది. తర్వాత లెక్క మరిచిపోయింది. పైనుంచి చూస్తే ఊరు ఊరంతా తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఎవరూ పిలవడం లేదు. ఇంత పొద్దెక్కినా తనని ఎవరూ పిలవని గంట పెళ్ళైనప్పట్నించీ ఒక్కటీ లేదని ఆమెకి తోచింది. ఆ సంగతి బాధపెట్టలేదు కానీ, పార ఆపి కాసేపు నిలబడేలా చేసింది.

రోడ్డు మీద వెళుతున్న పక్కింటి ముసలాయన సకుజో తలెత్తి, "ఇసామూ, వచ్చేశావా?" అని అరిచాడు.

"నేను తాతయ్యా, మిత్సుయోని."

"ఓహో. జారతావు, జాగ్రత్త." ఆయన గుమ్మంలో నిలబడ్డ తొకుజి వైపు తిరిగాడు. "మంచిపని చేయించావోయ్. మా ఇంట్లోవాళ్ళకి చెబితే వినరు."

"చూసుకోవాలి మరి," అన్నాడు తొకుజి. పొద్దున్న కాదన్న సంగతి ఆయన నిజంగానే మర్చిపోయినట్టున్నాడు.

రెండింటికి దిగి వచ్చేసరికి ఆమె వేళ్ళు ముడుచుకోవడం లేదు. కికు వంటగది తలుపు పట్టుకుని ఇటూ అటూ జరుపుతోంది. అది నూనె రాసినట్టు జారుతోంది.

"చూశావా? నెమ్మదిగా లాగితే ఎందుకు రాదూ?" అంది అత్తగారు. "బియ్యం కడిగావా?"

మిత్సుయో బియ్యం కడిగింది. నీళ్ళు మంచుకంటే చల్లగా ఉన్నాయి.

మూడున్నరకి ఫోను మోగింది. ఇసాము టీవీలో వార్తలు చూసి చేశాడు. ముందు తండ్రితో మాట్లాడాడు. "ఏం ఇబ్బంది లేదురా. కప్పు మీద మంచు తీయించేశాను," అన్నాడు తొకుజి. తర్వాత ఫోను ఆమె చేతికొచ్చింది.

"పలకలు కట్టావా?" అన్నాడు ఇసాము.

"రేపు కడతాను."

"ముల్లంగి తవ్వి తీసెయ్, గడ్డకడితే పనికిరాదు. నాన్నని చలిలోకి రానివ్వకు."

"అలాగే."

"ఇక్కడ నాకూ తక్కువ కష్టమేం కాదు. ఎండకేం, బాగానే కాస్తోంది, ఉతికిన బట్టలు మధ్యాహ్నానికే ఆరిపోతున్నాయి. తిండే బాగాలేదు. ఇరవైమందికి ఒక్కతే వంటావిడ. ఇంకో మనిషి కావాలని మేస్త్రీ వెతుకుతున్నాడు. జీతం, వారానికో రోజు సెలవు అన్నా దొరకట్లేదు."

"వంట చేసినందుకా?"

"మరి దేనికి?"

"సెలవు కూడానా?"

"ఆదివారం. ఏం?"

మిత్సుయో ఫోను రెండో చెవికి మార్చుకుంది. వెనకాల అత్తగారు టీ అడుగుతోంది. గొంతు పెంచకుండా, ముల్లంగి సంగతి చెబుతున్నంత మామూలుగా అంది:

"మనిషి దొరికిందని మేస్త్రీకి చెప్పండి. మీరు ఆదివారం ఇంటికొచ్చెయ్యండి, సోమవారం నేను రైలెక్కుతాను."